గుడ్డి వైపు

ఇంటి నుంచి, కుట్టుమిషను పక్కన

ఒరేయ్ చిన్నోడా,

కులాసా అని రాయకు, జైల్లో కులాసా ఏమిటి. ఇక్కడ నేనూ కులాసాగా లేను. గుర్రాన్ని చూసుకోమని నువ్వు మాట్లాడిపెట్టి వెళ్ళిన మనిషి పారిపోయాడు. నిన్న పొద్దున దాణా వేయబోతుంటే నీ గుర్రం దొర అతని భుజం పళ్ళతో పట్టుకుని, కుక్క పాత గుడ్డని ఊపినట్టు ఊపాడు. చొక్కాతో పాటు కండ కూడా ఊడొచ్చింది. ఆ చొక్కా నేను కుట్టిందే, ఇంకా కొత్త వాసన పోలేదు. గుడ్డ చుట్టి ఆసుపత్రికి పంపాను. పోతూ పోతూ ఒక మాట అన్నాడు. "అమ్మా, నాకు పెళ్ళాం పిల్లలున్నారు. మీ దొరకి ఎవరూ లేరు. వాడికేం భయం?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక మిగిలింది నేను. సూదులూ దారాలూ తప్ప ఎరగని దాన్ని. ఇన్నేళ్ళలో కొట్టం గడప దాటలేదు. ఇప్పుడు పొద్దున్నే బకెట్టు పట్టుకుని, దేవుడా అనుకుంటూ వెళ్తున్నాను. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని పెద్దలు ఊరికే అనలేదు, ఎంత తింటాడురా వీడు!

కోపం రాదు కానీ, జాలేస్తుంది. ఎడమ కన్ను పోయిన చోట గుంటలోంచి నీరు కారుతూనే ఉంటుంది, ఈగలు వదలవు. ఆ లాడాలోడు సుత్తితో ఆ కన్ను మీద కొట్టాడనీ, నువ్వు చూడలేక అదే సుత్తితో వాడి కుడిచెయ్యి నుజ్జు చేశావనీ తలుచుకున్నప్పుడల్లా నీ మీద కోపం సగానికి తగ్గిపోతుంది. చిన్నప్పటి నుంచి బాబాయ్ బాబాయ్ అని పిలిచాం ఆ మనిషిని. కోర్టులో నేను చెప్పింది నిజమే కదా, ఆ గుర్రానికి పెట్టకుండా నువ్వు ముద్ద ముట్టవు. వెనక వీధిలో వాళ్ళ ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఉమ్మి మరీ వెళ్తున్నాను. చెయ్యి మెడకి కట్టుకుని వరండాలో కూర్చుని చూస్తాడు. ఒక్క మాట అనడు. తప్పు చేసినవాడికి మాటెలా వస్తుంది?

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ నిలబడితే బతుకుతాను, అన్నీ వివరంగా రాయి.

అక్క


జైలు, కింది వరస గదులు

అక్కా,

ఈ ఉత్తరం ముందు ఇక్కడి పెద్దాయన చదువుతాడు, తర్వాతే నీ చేతికొస్తుంది. నచ్చని చోట నల్లసిరా పూస్తాడు. అందుకని మంచి మాటలే రాస్తున్నాను.

శ్రద్ధగా విను. ముందు నీళ్ళు, తర్వాత గడ్డి, ఆ తర్వాతే దాణా. దాణా ఒక్కసారిగా కుమ్మరించకు, కొంచెం కొంచెంగా పెట్టు. గుర్రానికి వాంతి రాదు, కడుపు ఉబ్బితే కింద పడి దొర్లి దొర్లి చస్తుంది. తడిసిన గడ్డి రోజూ ఎత్తిపారెయ్యి, లేకపోతే డెక్కలు కుళ్ళుతాయి. డెక్కలో ఇరుక్కున్న మట్టి, రాళ్ళు ఇనపకొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకి గీకాలి, వెనక్కి కాదు. ఒళ్ళు రుద్దే మాలీసు బ్రష్షు కిటికీలో ఉంది.

అన్నిటికంటే ముఖ్యం: గుడ్డి వైపు నుంచి ఎప్పుడూ వెళ్ళకు. చూసే కన్ను వైపు నుంచే వెళ్ళు, పేరు పిలుస్తూ వెళ్ళు. కరవబోతే చీపురుకర్ర తిరగేసి మూతి మీద ఒక్కటివ్వు. కుక్క కాటుకి చెప్పు దెబ్బ. నువ్వు భయపడ్డావని తెలిస్తే నెత్తికెక్కుతాడు. అమ్మే ఆలోచన మాత్రం పెట్టుకోకు. వాడు నా ప్రాణం.

ఇక్కడ బాగానే ఉంది. నా దుప్పటి మీద కన్నేసినవాడు ఒకడు స్నానాల గదిలో జారిపడ్డాడు. ముందు పళ్ళు పోయాయి పాపం. జారిపడ్డాడనే అందరం చెప్పాం, వాడు కూడా అదే చెప్పాడు.

ఒక మంచి కబురు. మంచిగా ఉన్నవాళ్ళని ముందే వదులుతారట. ఇంట్లో మనిషి ఎవరైనా 'ఇతని బాధ్యత నాది, నా ఇంట్లో ఉంచుకుంటాను' అని సంతకం పెట్టాలి. కాయితం నీకు వస్తుంది. నాకు నువ్వు తప్ప ఎవరున్నారక్కా.

చిన్నోడు


ఇంటి నుంచి, వంటగది బల్ల మీద

చిన్నోడా,

కాయితం వచ్చింది. కుట్టుమిషను సొరుగులో భద్రంగా పెట్టాను. ఒక చొక్కాకి కాజాలు కుట్టడం మిగిలింది, అది కాగానే సంతకం పెట్టేస్తాను. నీ మంచం దులిపి ఎండలో కూడా వేశాను.

నీ దొరతో యుద్ధమే. మోచెయ్యి పట్టుకున్నాడు మొన్న. కర్ర ఎత్తాను కానీ కొట్టలేకపోయాను. కర్ర ఎత్తగానే వాడు కరవడం మానేసి మూలకి నక్కాడురా. అంత జంతువు, గోడలోకి దూరిపోవాలన్నట్టు. ఒళ్ళంతా వణుకు. నాకే సిగ్గేసి కర్ర పారేశాను. అప్పటి నుంచి కర్ర తీసుకెళ్ళడం లేదు, మాటలే తీసుకెళ్తున్నాను. మిషను మీద కూర్చుని ఎవరినో తిట్టుకున్నట్టు వాడితో ఏదో ఒకటి వాగుతూ ఉంటాను, చెవులు ఇటు తిప్పి వింటాడు. పెళ్ళి ముసుగుకి తెచ్చిన వలగుడ్డ మిగిలితే కంటికి ఈగలు వాలకుండా ముసుగు కుట్టి కట్టాను. దొరగారు పెళ్ళికూతురిలా ఉన్నారు! పక్కింటావిడ గోడ మీంచి చూసి, "గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నావా?" అంది. తోముతాను, నీకేం నొప్పి అన్నాను.

కానీ వెనక కుడికాలు నేల మీద ఆన్చడం లేదు. డెక్క పెరిగిపోయి వంకర తిరిగింది, లోపల చీము వాసన. లాడాలు కొట్టేవాళ్ళ కోసం కబురు పెడితే ఒక్కడూ రావడం లేదు. ఆ ఇల్లా, మా చేతులు మాకు కావాలి అంటున్నారట. లాడాలోడి భార్య సందులో ఎదురైంది, "మా ఆయన వస్తాడు, రమ్మంటావా?" అని అడిగింది. ఎంత ధైర్యం! ఒక కన్ను తీసింది చాలదా అని మొహం మీదే అన్నాను. దెబ్బ తిన్నదానిలా చూసి వెళ్ళిపోయింది.

ఆ కాలు నేనే గీకాలి. దగ్గరికి రానివ్వడు. ఏం చెయ్యను?

అక్క


జైలు, కింది వరస

అక్కా,

ఇంత చిన్న విషయానికి ఇంత హైరానా ఎందుకు? ఆ ఇంటివాళ్ళని గడప తొక్కనివ్వకు, చెప్తున్నాను. కాలు నువ్వే గీకగలవు.

ఒక ఉపాయం చెప్తాను. తలుపు వెనక నా పాత గోధుమరంగు కోటు వేలాడుతూ ఉంటుంది. అది వేసుకుని వెళ్ళు. దొర పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆ కోటు మీదే వాడి మూతి. నా వాసన తగిలితే మేకపిల్ల అయిపోతాడు. వాడికి కావలసింది నేను, అందుకే కరుస్తున్నాడు, బెంగతో. జంతువుకున్న విశ్వాసం మనిషికి ఉండదక్కా. ఇది రాస్తుంటే నాకు ఏడుపొస్తోంది, నిజం.

కాజాలు కుట్టడం ఎంతసేపు? కాయితం ఇంకా రాలేదని ఇక్కడివాళ్ళు అడుగుతున్నారు. నాతో పాటు పెట్టుకున్నవాళ్ళవి అందరివీ వచ్చేశాయి. వాళ్ళ ముందు నాకు ఎంత అవమానమో ఆలోచించు.

చిన్నోడు


ఇంటి నుంచి, మంచం మీద

చిన్నోడా,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. పక్కటెముకలు విరిగాయి, దిండు మీద పెట్టుకుని రాస్తున్నాను. ఊపిరి తీస్తే కత్తి దిగినట్టుంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. కోటు వేసుకున్నాను. చేతులు పొడుగు, మడుచుకున్నాను. చూసే వైపు నుంచే, పేరు పిలుస్తూ వెళ్ళాను. గడప దాటగానే దొర మేత ఆపాడు. ముక్కు విచ్చుకుని వాసన పట్టాడు. నాకు సంతోషం వేసింది, తమ్ముణ్ణి గుర్తుపట్టాడే అని. గుర్తుపట్టాడు.

ఆ అరుపు నేనెప్పుడూ వినలేదు. సకిలింపు కాదది. మొత్తం ఒంటితో నన్ను గోడకేసి కొట్టాడు. నా ఎముకలు విరిగిన చప్పుడు నాకే వినబడింది, ఎండుపుల్ల విరిచినట్టు. కింద పడబోతుంటే మెడ దగ్గర కోటు పళ్ళతో పట్టుకుని పైకెత్తాడు. నీ కోటు నాకు పెద్దదవడం వల్ల బతికాను, ఆ ఊపుకి చేతుల్లోంచి జారి గడ్డిలో పడ్డాను. వాడి కాళ్ళ మధ్య పడ్డాను. ఒక్క తాపు తన్నితే నా తల పుచ్చకాయే. కళ్ళు మూసుకున్నాను.

తన్నలేదు. నా ఒంటికి డెక్క తగలకుండా, నన్ను దాటి వెళ్ళి కోటుని తొక్కాడు. ముందుకాళ్ళెత్తి దాని మీద పడ్డాడు. పళ్ళతో చీల్చి, విసిరి, మళ్ళీ వెళ్ళి తొక్కాడు. బొత్తాలు గోడకి తగిలి రాలాయి. కుంటికాలితో కూడా తొక్కాడు, దాన్లోంచి చీమూ నెత్తురూ కారుతున్నా ఆగలేదు. కోటులో మనిషి లేడని వాడికి నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది.

నా కేకలకి దొడ్డిగోడ దూకి వచ్చింది ఎవరో తెలుసా? లాడాలోడు. ఒంటిచేత్తో తలుపు తోసుకుని వచ్చి, "ఏరా, ఏరా నాయనా" అన్నాడు, అంతే. దొర నురగలు కక్కుతూ వెళ్ళి అతని గుండె మీద తల ఆన్చాడు. కన్ను పోయిన వైపే ఆన్చాడు.

ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ రోజు నేను బట్టలిచ్చి రావడానికి వెళ్ళాను, నేను చూడలేదు. దొర కన్ను పోయినప్పుడు సుత్తి ఎవరి చేతిలో ఉంది?

అక్క


జైలు, కింది వరస

బంగారంలాంటి మా అక్కకి,

నీకు దెబ్బ తగిలిందని చదివి అన్నం దిగలేదు. ఆ పశువుని నమ్మి నిన్ను పంపానే అని తల గోడకేసి కొట్టుకున్నాను.

నీ ప్రశ్నకి జవాబు ఎంత తేలికో చూడు. ఆ రోజు ఆ కోటు నా ఒంటి మీదే ఉంది. వాడు సుత్తితో కొట్టినప్పుడు దొర నెత్తురు నా కోటు మీద చిమ్మింది. ఆ వాసనకి ఆ రోజు గుర్తొచ్చి బెదిరాడు. అంతకంటే ఏం లేదు. ఆ లాడాలోడు గుర్రాలని మచ్చిక చేసే మాయగాడు, ఆ విద్య వాడి పొట్టకూడు. వాడి గుండె మీద తల పెట్టిందని కరిగిపోకు. జ్వరంలో నాకు గంజి తాగించిన దానివి, నన్ను ఎత్తుకుని తిప్పిన దానివి, నిన్నగాక మొన్నటి గుర్రాన్ని నమ్మి నన్ను అనుమానిస్తావా?

ఇక ఆ గుర్రం ఇంట్లో ఉండడానికి వీల్లేదు. మనిషిని చంపబోయింది. పశువుల డాక్టర్ని పిలిచి కాల్చి పారెయ్యమను. నేనొచ్చేసరికి కొట్టం ఖాళీగా ఉండాలి.

కాయితం వెంటనే పంపు. మంచం మీద పడుకున్నా సంతకం పెట్టొచ్చు.

నీ చిన్నోడు


ఇంటి నుంచి, కుట్టుమిషను పక్కన

చిన్నోడా,

వాడు నీ ప్రాణం అన్నావు. రెండు ఉత్తరాలు తిరగకుండానే కాల్చెయ్యమన్నావు. కాల్చలేదు.

నీ జవాబు నిజంగానే తేలిగ్గా ఉంది. నమ్మేద్దామనే అనుకున్నాను. నమ్మితే నాకూ సుఖం. అందుకే లాడాల బాబాయ్‌ని పిలిచాను. అవును, బాబాయ్ అనే రాస్తున్నాను. వాళ్ళ గుమ్మంలో నేను ఉమ్మిన చోట నీళ్ళు పోసి కడిగి, బాబాయ్ కాళ్ళు పట్టుకోబోతే ఆయన భార్య, పిన్ని, లేపింది. "ముందు గుర్రం కాలు చూద్దాం పదమ్మా, మనకి తర్వాత" అన్నాడు బాబాయ్.

ఆయన కుడిచెయ్యి సుత్తి పట్టదు, ఆకురాయి పట్టదు. వేళ్ళు కొయ్యముక్కల్లా ఉన్నాయి. ఆయన చెప్తుంటే నేను చేశాను, ఊపిరి బిగబట్టి. కాలు నా మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పెరిగిన డెక్క కోసి, కుళ్ళు తీసి, ఆకురాయితో నున్నగా చేశాను. అంచులు మడిచి కుట్టడం లాంటిదే, గుడ్డ కొంచెం గట్టిది అంతే. దొర కాలు లాక్కోలేదు.

తర్వాత నేనే అడిగాను, ఆ సుత్తి ఒకసారి ఎత్తండి బాబాయ్ అని. ఎడమచేత్తో పట్టుకుని దొర మొహం దగ్గరికి, చూసే కన్ను ముందుకి ఎత్తాడు. దొర దాన్ని మూతితో పక్కకి నెట్టి, ఆయన జేబులో యాపిల్ ముక్క వెతుక్కున్నాడు. సుత్తంటే వాడికి భయం లేదురా. ఆ సుత్తి ఎత్తే ఆయన చెయ్యన్నా భయం లేదు. నీ కోటంటేనే భయం.

అప్పుడు చెప్పించుకున్నాను. దొర నీ కాలు తొక్కాడట. నువ్వు బాబాయ్ పెట్టెలోంచి సుత్తి లాక్కున్నావట. దొర కన్ను మీద కొట్టి మళ్ళీ ఎత్తబోతే ఆయన నీ మణికట్టు పట్టుకుని, "కట్టేసి ఉందిరా, ఎటు పోతుంది, వదిలెయ్" అన్నాడట. అప్పుడు ఆయన వైపు తిరిగావు. ఇదంతా ఆయన కోర్టులో చెప్పాడు. కానీ నేను నా సాక్ష్యం చెప్పాను కదా, నన్నే నమ్మారు.

నా కనుబొమ మీద మచ్చ గుర్తుందా? బీరువా తలుపు తగిలిందని ఊరంతా చెప్పాను. ఇస్త్రీ పెట్టె విసిరింది నువ్వు, చొక్కా ఆలస్యమైందని. ఆ మర్నాడు నాకు కొత్త కత్తెర కొనిచ్చి ఏడ్చావు. దొరకి యాపిల్ పండ్లు తెచ్చేవాడివి చూడు, సంచి నిండా, అప్పుడప్పుడూ. ఎందుకు తెచ్చేవాడివో ఇప్పుడు అర్థమైంది. కర్ర ఎత్తినప్పుడు వాడు మూలకి నక్కితే నాకు అంత సిగ్గెందుకు వేసిందో కూడా. ఆ మూల నాకు తెలుసు.

అయినా నువ్వు నా తమ్ముడివి. కాయితం ఇంకా సొరుగులోనే ఉంది. ఒక్క నిజం రాయి. సుత్తి ఎవరి చేతిలో ఉందో నీ చేత్తో రాయి. రాస్తే సంతకం పెడతాను, ఒట్టు.

అక్క


జైలు

నిజం కావాలా నీకు? తీసుకో.

నా చేతిలోనే ఉంది. అయితే ఏంటి? నా గుర్రం, నా కాలు తొక్కింది. నేర్పాలి. నేర్పాను. ఒక దెబ్బకి ఎంత బుద్ధొచ్చిందో నువ్వే చూస్తున్నావు, కర్ర ఎత్తితే మూలకి పోతోందని నువ్వే రాశావు. ఆ ముసలాడు నా చెయ్యి పట్టుకున్నాడు, నా ఇంట్లో, నా చెయ్యి. దెబ్బకి దెయ్యమైనా దిగాలి.

నిజం రాస్తే సంతకం పెడతానని ఒట్టేశావు. పెట్టు. పెట్టకపోతే ముందో వెనకో ఎలాగూ వస్తాను, నన్నిక్కడ పాతిపెట్టరు. దొరకి ఇంకా ఒక కన్ను ఉంది. నీకు రెండున్నాయి.


ఇంటి నుంచి, కొట్టం గడప మీద

చిన్నోడా,

నీ ఉత్తరం అందింది. ఈసారి నల్లసిరా ఎక్కడా లేదు. కళ్ళ గురించి రాసిన ఆఖరి మాటల కింద మాత్రం ఎర్ర పెన్సిలుతో గీత ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. మీ పెద్దాయన గీసి ఉంటారు. ఇది కూడా ముందు ఆయనే చదువుతారు కాబట్టి ఇక్కడే చెప్తున్నాను: అయ్యా, నమస్కారం. గీత చూశాను. కాయితం ఈ కవర్లోనే ఖాళీగా వెనక్కి పంపుతున్నాను. కోర్టులో నా తమ్ముడి గురించి నేను చెప్పింది నిజం కాదు. దాన్ని ఎవరి ముందు సరిదిద్దాలో చెప్పండి, వచ్చి చెప్తాను.

ఇక నీతో.

నిజం రాయమన్నాను, రాశావు. సంతకం పెడతానని ఒట్టేశాను, మాట తప్పుతున్నాను. నీకిచ్చిన మాట తప్పడం నాకు ఇదే మొదలు. చాలా ఏడ్చాను. నీ మంచం మీద కూర్చునే ఏడ్చాను, ఎండలో వేసి తెచ్చింది కదా, మెత్తగా ఉంది. తర్వాత లేచి దొరకి నీళ్ళు పెట్టాను. ముందు నీళ్ళు, తర్వాత గడ్డి, ఆ తర్వాత దాణా. అది నువ్వు బాగా నేర్పావు.

గుడ్డి వైపు నుంచి వెళ్ళొద్దన్నావు. ఇప్పుడు అటు నుంచే వెళ్తున్నాను. ముందు మాట్లాడతాను, తర్వాత మెడ మీద అరచెయ్యి ఆన్చి ఊరుకుంటాను. చర్మం ఒక్కసారి జలదరిస్తుంది, అంతలోనే సర్దుకుంటుంది. కాలు దానంతట అదే ఎత్తి ఇస్తున్నాడు. కుంటు పోయింది. దూరం నడవగలడని బాబాయ్ అన్నాడు, అందుకే బయల్దేరుతున్నాం. కుట్టుమిషను బండి మీద ఎక్కించాను. బాబాయ్ వాళ్ళూ ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఎవరు ఎక్కడికో రాయను. నువ్వు వచ్చేసరికి కొట్టం ఖాళీగా ఉండాలన్నావు కదా, ఉంటుంది. ఇల్లు కూడా.

నీ కోటు పేలికలు దొడ్లో పోగేసి కాల్చాను. కుడదామన్నా కుట్టు నిలిచేలా లేవు. దొర తల ఎత్తి మంట కేసి చూశాడు, పొగ ఇటు తిరిగితే ఒకసారి తుమ్మి, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టాడు.

నాకు సంతకం పెట్టడం రాదనుకుంటావేమో. ఇదిగో, ఈ ఉత్తరం కింద పెడుతున్నాను, చూసుకో.

అక్క